వడపోత

వాల్దివియాలో జూన్ అంటే వాన.
ఆసుపత్రి రేకుల మీద, నది మీద,
చేపల బజారు మెట్ల దగ్గర ఆవులించే
సముద్ర సింహాల వీపుల మీద ఒకటే వాన.
లోపల, మూడో అంతస్తులో,
నేను చేతులు రుద్దుకుని వేడి చేసుకుంటున్నాను.
చల్లటి వేళ్లు తగిలితే బిడ్డ ఉలిక్కిపడుతుంది.
ఉలికిపాటు కూడా గీతగా పడుతుంది.
నాకు కావలసింది ఆ గీత కాదు.

పుట్టి పదకొండు రోజులు. పేరింకా పెట్టలేదు.
మణికట్టు పట్టీ మీద తల్లి పేరే ఉంది: లియాంకిరాయ్.
పద్దెనిమిది గంటల నొప్పులు, ఆ తర్వాత కత్తి.
చివరి గంటలో ఏం జరిగిందో
కేసు షీటులో ఒకటిన్నర వరుస:
"ఎడమకాలు తక్కువగా కదులుతోంది."
తక్కువ అంటే ఎంత?
అది చెప్పడానికే నన్ను పిలిచారు.

మసూరిపప్పు బద్దంత సెన్సర్లు, ఆరు.
తొడలకు రెండు, పిక్కలకు రెండు,
మోచేతుల పైన రెండు.
చర్మం ఉల్లిపొర.
అతికించడం సులువే, ఊడదీయడమే విద్య:
నూనె చుక్క వేసి, ఊపిరి బిగబట్టి,
పాల మీద మీగడ తీసినట్టు తీయాలి.

తెర మీద ఆరు గీతలు లేచాయి.
ఆరింటిలోనూ ఒకటే టకటక.
కాలు కాదది, చేయీ కాదు.
గుండె.
ఈ వయసులో ఒళ్లంతా గుండే.
ఎక్కడ చెవి పెట్టినా అదే ముందుకొచ్చి మాట్లాడుతుంది,
పెళ్లింట్లో గొంతు పెద్ద మేనమామలాగా.
వెనక గదిలో పిక్క ఏదో గొణిగితే
ఎవరికి వినపడుతుంది?

అందుకే నా పని గుండెను తీసేయడం.
ఒక్కో దెబ్బనూ వెతికి పట్టుకుని
దాని ఆకారం గీసి, అంత మేరా చెరిపేస్తాను.
"గుండె తీసేశాక చూద్దాం" అన్నాను.
అలవాటు మాట, నోరు జారింది.
లియాంకిరాయ్ కుర్చీలోంచి లేచింది,
కుట్లు మానని కడుపు పట్టుకుని.
"తీసేసింది ఎక్కడ పడేస్తారు?"

ఆరేళ్లుగా ఈ పని. ఎవరూ అడగలేదు.
ఎక్కడా పడేయం, ఉండదు, అంతే
అనబోయి, ఆ ముఖం చూసి, మింగేశాను.

కుడి పిక్క: చిటపట, పోపులో ఆవాల్లా.
కుడి తొడ: కాసేపు ఊరుకుని, మళ్లీ చిటపట.
ఎడమ తొడ:
గీత.
గీత.
ఒకసారి ఎగిరింది. నేనూ ఎగిరాను.
పక్క మంచం తల్లి పాల పంపు ఆన్ చేసిందట.
కండరంలా నటించడం కరెంటు తీగలకూ తెలుసు.

పంపు ఆగేదాకా ఆగాను.
మేలుకునీ ఏడవని వేళ కోసం, నలభై నిమిషాల కాపలా.
అమ్మమ్మ వచ్చింది నియెబ్లా రేవు నుంచి,
ఊలు శాలువా నిండా వాన, కట్టెపొగ వాసన.
తెర వైపు చూడనైనా లేదు.
బిడ్డ ఎడమ అరికాలి మీద ఊదింది,
పొయ్యిలో నివురు తొలగించేటట్టు, మెల్లగా.

అప్పుడు పడింది.
సెకనులో ఐదో వంతు. ఎత్తు చూస్తే
కుడికాలి దాంట్లో పావు కూడా లేదు.
పంపు ఆగి ఉంది. గుండె తీసేసి ఉంది.
ఇక గదిలో ఎవరూ లేరు, ఆ కాలు తప్ప.

ఊదితే వచ్చింది మా లెక్కలోకి రాదు.
తనంత తానుగా రావాలి.
చెప్పవలసింది కూడా నేను కాదు, డాక్టర్ ఒయార్సున్.
ఆయన "చూద్దాం" అంటాడు. మూడు నెలలాగి రమ్మంటాడు.
ఒక గీత నడక కాదని నాకు తెలుసు.
అమ్మమ్మకూ తెలుసనుకుంటా,
ఇంకోసారి ఊదలేదు.

ఆ రాత్రి వడపోతను తిరగేసి నడిపాను.
చెరిపేసినవన్నీ వరసగా పేర్చి
చప్పుడుగా మార్చాను.
ఐదువేల ఎనిమిది వందల పన్నెండు దెబ్బలు.
లియాంకిరాయ్‌కి పంపుదామంటే
ఫైలుకు పేరడిగింది కంప్యూటర్.
"తీసేసినది" అని టైపు చేసి, కొట్టేసి,
తేదీ వేశాను.